పేరులో 'ఈన్' ఉంది, మరి ద్విబంధం ఏది? పాలిథీన్ కథ

టెన్త్ క్లాస్ కార్బన్ పాఠంలో ఒక రూల్ చదువుకున్నాం కదా. పేరు చివర 'ఏన్' ఉంటే ఆల్కేన్, కార్బన్ల మధ్య అన్నీ ఏక బంధాలే. 'ఈన్' ఉంటే ఆల్కీన్, అంటే ద్విబంధం ఉన్నట్టు. మరి పాలిథీన్ కవర్ సంగతేంటి? పేరులో 'ఈన్' ఉంది, కానీ దాని గొలుసులో ద్విబంధాలు దాదాపు ఉండవు! ఎందుకో చూద్దాం.

1933, ఇంగ్లండ్. ఐసీఐ అనే కెమికల్ కంపెనీ ల్యాబ్‌లో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈథీన్ వాయువుని బెంజాల్డిహైడ్‌తో కలిపి, మామూలు గాలి పీడనానికి వెయ్యి రెట్లకు పైగా ఒత్తిడిలో వేడి చేశారు. అనుకున్న చర్య జరగలేదు. పాత్రలో మాత్రం మైనం లాంటి తెల్లటి పదార్థం కొంచెం కనిపించింది. అర గ్రాము కూడా లేదు. మళ్ళీ చేయబోతే పేలుళ్ళు. దాంతో ఆ పని ఆపేశారు.

1935 డిసెంబరులో మైకేల్ పెరిన్ బృందం మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పాత్ర లీకైంది. పీడనం తగ్గిందని ఇంకొంచెం ఈథీన్ ఎక్కించారు. అందులో అనుకోకుండా కాస్త ఆక్సిజన్ కలిసి ఉంది. కథ మలుపు తిరిగింది అక్కడే!

ఏం జరిగిందంటే, ద్విబంధంలోని రెండు బంధాల్లో ఒకటి బలహీనం. ఆక్సిజన్ వల్ల పుట్టిన ఫ్రీ రాడికల్స్ దాన్ని తెరిచాయి. అలా తెరుచుకున్న అణువు పక్క అణువుని పట్టుకుంది, అది ఇంకోదాన్ని. ఇలా వేల ఈథీన్లు చేతులు కలిపి ఒక పొడవాటి గొలుసయ్యాయి. చేతులు కలపడానికే ద్విబంధాలు ఖర్చయిపోయాయి. మిగిలింది ఆల్కేన్ లాంటి గొలుసు. పేరు మాత్రం పుట్టింటిదే!

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పాలిథీన్‌నే రాడార్ కేబుళ్ళకి ఇన్సులేషన్‌గా వాడారు. బరువు తక్కువ, కరెంటుని పోనివ్వదు, నీళ్ళకి చెడదు.

ఆల్కేన్ల పాత పేరు పారఫిన్లు. లాటిన్‌లో దానర్థం, దేనితోనూ అంతగా కలవనివి. పాల ప్యాకెట్‌ని కాపాడేది ఆ గుణమే. అదే ప్యాకెట్ డ్రైనేజీలో పడినా, ఆవు కడుపులో చేరినా ఏళ్ళ తరబడి కుళ్ళకుండా ఉండిపోవడానికి కారణం కూడా అదే.

ఇకపై సంతృప్తం, అసంతృప్తం అనే మాటలు చదివినప్పుడు మీ చేతిలోని కవర్‌ని ఒక్కసారి చూడండి. ఆల్కీన్‌గా ఉన్నంతసేపే దానికి తొందర. ఒక్కసారి గొలుసయ్యాక ఇక కదలదు!