పాత కాగితం – ప్రజల గ్రంథాలయం

గ్రంథాలయోద్యమాన్ని భవనాల చరిత్రగా చూడటం మనకు అలవాటైంది. నిజానికి అది ప్రజలు తమ భాషను నిలబెట్టుకున్న చరిత్ర. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. గస్తీ నిశాన్ 53 సభలకు అనుమతి తప్పనిసరి చేసిన రోజుల్లో పఠనమందిరమే జనం కూడే చోటయింది.

గద్వాల ప్రాంతంవాడైన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది పద్యాలు సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చాడు. సేకరించకపోతే వాటిలో ఎన్ని చెదపురుగుల పాలయ్యేవో!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో జిల్లాలయ్యాయి. అంతకుముందు ఇవి భాగంగా ఉన్న మహబూబ్‌నగర్ జిల్లాలో 2011 నాటి అక్షరాస్యత 55 శాతమే. బడిపంతులుగా నాకు తెలిసింది ఒకటి: అక్షరం వచ్చినంత మాత్రాన చదువు నిలవదు, చదవడానికేదో రోజూ చేతికందాలి. మరోపక్క పాత పత్రికలు, పుస్తకాలు కిలోల లెక్కన తక్కెడకెక్కుతున్నాయి.

ఊరి గ్రంథాలయమే ఆ కాగితాన్ని సేకరించవచ్చు. చదవదగినది అలమారకు, అరుదైనది భద్రానికి, మిగిలినది గుజ్జు మిల్లుకు. వచ్చిన డబ్బు కొత్త పుస్తకాలకు. అయితే ఇది ప్రభుత్వ బాధ్యతకు బదులు కారాదు. 1960 చట్టం నుంచీ ప్రజలు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నారు. పేదల బిడ్డలకు ఇతరులు పారేసిన పుస్తకాలే చాలుననడం అన్యాయం.

తూకానికి ముందు చదివే కన్నొకటి ఆ కాగితంపై పడాలి. ఆ పని రచయితలది కూడా.