గణకశాస్త్ర తరగతిలో ‘సత్యం’ - కేస్ స్టడీ బోధన: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
న్యాయవిద్యలో పుట్టిన కేస్ పద్ధతి వాణిజ్యవిద్యలోకి ప్రవేశించిన క్రమాన్ని, కార్పొరేట్ ఫైనాన్స్, గణకశాస్త్రాల బోధనకు ‘సత్యం’ కంప్యూటర్స్ ఉదంతం చేర్చిన కొత్త ప్రశ్నను వివరించడం, తెలుగు మాధ్యమ తరగతికి ఆ ప్రశ్న ఎందుకు అవసరమో ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: కేస్ స్టడీ, జంటపద్దు విధానం, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ, తెలుగు మాధ్యమం.

1. ఉపోద్ఘాతం:
లెక్కను ఒక సన్నివేశంలో పెట్టి నేర్పడం తెలుగువారికి కొత్త కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెనిగించాడు. వడ్డీ, క్రయవిక్రయాల వంటి లోకవ్యవహారాలను సమస్యలుగా కూర్చి గణితం బోధించే సంప్రదాయం అది. అయితే ఆ సమస్యలకు సమాధానం ఒక్కటే. ఆధునిక వాణిజ్యవిద్యలోని కేస్ స్టడీ అటువంటిది కాదు. ఒక సంస్థ ఎదుర్కొన్న నిజమైన చిక్కును, అప్పటికి దాని వద్దనున్న సమాచారంతో సహా విద్యార్థి ముందుంచి, “నీవైతే ఏమి చేస్తావు?” అని అడగడం దాని స్వభావం. ఈ భేదాన్ని గుర్తిస్తేనే ఆ పద్ధతి చరిత్ర బోధపడుతుంది.

2. న్యాయశాస్త్రం నుంచి వాణిజ్యశాస్త్రానికి:
1870లో హార్వర్డ్ న్యాయకళాశాలకు డీన్ అయిన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్డెల్, సూత్రాలను ఉపన్యసించడం మాని, న్యాయస్థానాల తీర్పులనే పాఠ్యాంశాలుగా చేసి చర్చింపజేశాడు. 1908లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఏర్పడింది. 1919లో దానికి డీన్‌గా వచ్చిన వాలెస్ డోనమ్ స్వయంగా న్యాయవిద్యార్థి, బ్యాంకింగ్ అనుభవం గలవాడు. ఆయన ప్రోత్సాహంతో 1920లో మెల్విన్ కోప్‌లాండ్ మార్కెటింగ్ సమస్యల సంపుటాన్ని ప్రచురించాడు. ఆ తర్వాత ఆ విద్యాలయంలో కేస్ రచన ఒక వ్యవస్థగా స్థిరపడింది.

ఈ బదిలీలో ఒక మౌలికమైన మార్పు జరిగింది. న్యాయశాస్త్రంలో కేస్ అంటే తీర్పు వెలువడిన వ్యాజ్యం. వాణిజ్యశాస్త్రంలో అది నిర్ణయానికి ముందే ఆగిపోయే కథనం. అప్పు తేవాలా, వాటాలు జారీ చేయాలా? లాభాన్ని పంచాలా, నిలుపుకోవాలా? ఈ నిర్ణయభారం విద్యార్థిపైనే పడుతుంది.

భారతదేశంలో ఈ పద్ధతికి ప్రధాన ద్వారం హార్వర్డ్ సహకారంతో 1961లో ఏర్పడిన అహ్మదాబాదు ఐ.ఐ.ఎం. అంతకుముందే, 1956లో హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ నెలకొంది. ఇంగ్లండులోని హెన్లీ కళాశాల నమూనాలో, అనుభవజ్ఞులైన అధికారులను చిన్న బృందాలుగా కూర్చి చర్చ ద్వారా నేర్పడం దాని మార్గం. చర్చే బోధన అన్న భావనకు తెలుగునేలపై ఆ విధంగా తొలినాళ్లలోనే చోటు దొరికింది.

3. కేస్ పద్ధతిలోని ఒక విశ్వాసం:
ఫైనాన్స్ కేస్ చివర సాధారణంగా లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ అనుబంధాలుగా ఉంటాయి. విద్యార్థి ఆ అంకెలతో నిష్పత్తులు కట్టి నిర్ణయానికి వస్తాడు. అంకెలు నిజమన్నది ఇక్కడ చెప్పకుండానే అంగీకరించిన విషయం. నిర్ణయాన్ని శంకించడం నేర్పిన పద్ధతి, నిర్ణయానికి ఆధారమైన పత్రాన్ని శంకించడం అంతగా నేర్పలేదు. ఈ లోటును హైదరాబాదు ఉదంతం స్పష్టం చేసింది.

4. 2009 జనవరి 7 నాటి లేఖ:
ఆనాడు సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అధ్యక్షుడు బి. రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు లేఖ రాశారు. దాని ప్రకారం, 2008 సెప్టెంబరు 30 నాటి ఆస్తి అప్పుల పట్టీలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు రూ. 5,361 కోట్లు కాగా అందులో రూ. 5,040 కోట్లు అసలు లేవు. రావలసిన వడ్డీగా చూపిన రూ. 376 కోట్లు కల్పితం. రూ. 1,230 కోట్ల అప్పు పుస్తకాలకెక్కలేదు. రుణగ్రస్తుల మొత్తాన్ని రూ. 490 కోట్లు పెంచి చూపారు.

బోధనకు వీటికన్నా విలువైనది అదే లేఖలోని త్రైమాసిక వివరం. రాబడి చూపినది రూ. 2,700 కోట్లు, వాస్తవం రూ. 2,112 కోట్లు. నిర్వహణ లాభం చూపినది రూ. 649 కోట్లు, వాస్తవం రూ. 61 కోట్లు. రెండింటిలోనూ తేడా సరిగ్గా రూ. 588 కోట్లే. కల్పిత రాబడికి ఖర్చు ఉండదు కనుక అది మొత్తంగా లాభంలోకి దిగింది. 3 శాతం లాభం 24 శాతంగా కనిపించింది.

జంటపద్దు విధానంలో క్రెడిట్ చేసిన ప్రతి రూపాయికీ ఎక్కడో డెబిట్ ఉండాలి. లేని రాబడికి తగిన డెబిట్‌ను రుణగ్రస్తుల ఖాతాలోనే పెడుతూపోతే, వసూలు కాని బాకీలేమిటని ఎవరైనా అడుగుతారు. నగదును ఎవరూ అడగరు. అందుకే అబద్ధంలో అధికభాగం బ్యాంకు నిల్వలో తలదాచుకుంది. లేని నిల్వకు వడ్డీ కూడా రావాలి గనుక మరో అబద్ధం పుట్టింది. 2008 డిసెంబరులో మేటాస్ సంస్థల కొనుగోలుకు చేసిన విఫలయత్నం, కల్పిత ఆస్తుల స్థానంలో నిజమైనవాటిని నింపే చివరి ప్రయత్నమని ఆ లేఖే చెప్పింది.

బ్యాంకుల నుంచి నిల్వల నిర్ధారణ తెప్పించుకునే ప్రక్రియను ఆడిటర్లు తమ అదుపులో ఉంచుకోలేదని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011లో తేల్చింది. 2013 కంపెనీల చట్టం ఆడిటర్లను నిర్ణీతకాలానికి మార్చడాన్ని లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా నిర్ధారించింది. మరుసటి నెలలో పై న్యాయస్థానం శిక్షల అమలును నిలిపివేసింది.

5. తెలుగు మాధ్యమ తరగతి:
1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురణల ద్వారా చిట్టా, ఆవర్జా, అంకణా వంటి మాటలు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాయి. పరిభాష మనకుంది. కొరత ఆ పరిభాషతో నడిచే చర్చలోనే ఉంది. ‘అంకణా బయటపెట్టని తప్పులు’ అన్న అంశాన్ని విద్యార్థి కంఠస్థం చేసి పరీక్షలో రాస్తాడు. అది పొరపాట్ల జాబితాగానే మిగులుతుంది తప్ప, మోసాన్ని పసిగట్టే సాధనంగా మారదు.

కనుక ఈ ఉదంతాన్ని రెండు తరగతుల్లో బోధించవచ్చు. మొదటిరోజు లేఖ ప్రస్తావన లేకుండా, సంస్థ పేరు చెప్పకుండా, ప్రచురితమైన పట్టీని మాత్రమే ఇచ్చి పెట్టుబడి పెట్టవచ్చునా అని అడగాలి. రెండోరోజు లేఖను తెలుగులో చదివించి, 588 కోట్లు ఏ ఖాతాల గుండా ప్రయాణించాయో చిట్టాపద్దులుగా రాయించాలి. నిన్న తాము నమ్మిన అంకె ఏదో, దానిని నిర్ధారించుకోవడానికి ఎవరిని అడగవలసిందో విద్యార్థులే గుర్తిస్తారు.

6. ముగింపు:
లాంగ్డెల్ విద్యార్థి తీర్పును ప్రశ్నించాడు. డోనమ్ కాలపు విద్యార్థి నిర్ణయాన్ని ప్రశ్నించాడు. నేటి విద్యార్థి పత్రాన్ని కూడా ప్రశ్నించవలసి ఉంది. రేపు ఏదో ఆడిట్ కార్యాలయంలో చిరుద్యోగిగా చేరి, బ్యాంకు నిల్వ ఎదుట సరిచూసిన గుర్తు పెట్టవలసినవారిలో తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారూ ఉంటారు. అంకణా కుదరడం లెక్క పూర్తయిందనడానికి గుర్తే గాని, లెక్క నిజమనడానికి సాక్ష్యం కాదన్న వివేకం ఆ చేతికి తరగతిలోనే, తన భాషలోనే అందాలి.