మొహమ్మద్ హనీఫ్: విలేకరికి దొరకని జవాబు నవలైంది

పాకిస్తాన్ రచయిత మొహమ్మద్ హనీఫ్ 1964లో పంజాబ్‌లోని ఒకారాలో పుట్టారు. ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో చదివి పైలట్ ఆఫీసర్ అయ్యారు గానీ ఆ ఉద్యోగంలో నిలవలేదు. కరాచీలో ‘న్యూస్‌లైన్’ పత్రికలో విలేకరిగా పనిచేసి, 1996లో లండన్ వెళ్లి బీబీసీలో చేరారు. తర్వాత బీబీసీ ఉర్దూ విభాగానికి అధిపతి అయ్యారు.

ఆయన్ని నవలా రచయితను చేసింది ఒక విమాన ప్రమాదం. 1988 ఆగస్టు 17న బహావల్‌పూర్ నుంచి బయలుదేరిన సి-130 విమానం కాసేపటికే కూలిపోయింది. అధ్యక్షుడు జనరల్ జియా ఉల్ హక్, అమెరికా రాయబారి ఆర్నాల్డ్ రాఫెల్, పలువురు సైనికాధికారులు చనిపోయారు. విమానంలో మామిడిపండ్ల పెట్టెలు కూడా ఎక్కించారు. పాకిస్తాన్ విచారణ విద్రోహం వైపు మొగ్గింది, అమెరికా వాళ్లు యంత్రలోపం అన్నారు. అసలు ఎవరు చేశారన్నది ఈనాటికీ తేలలేదు.

హనీఫ్ కూడా విలేకరిగా ఆరా తీశారు. నోరు విప్పినవాళ్లే లేరు. ఎవరూ ఒప్పుకోనప్పుడు, ‘నేనే చేశా’ అని చెయ్యెత్తే ఒక పాత్రను తానే పుట్టిస్తే పోలా అనుకున్నారట! అలా వచ్చిందే 2008 నాటి ‘ఎ కేస్ ఆఫ్ ఎక్స్‌ప్లోడింగ్ మ్యాంగోస్’. తండ్రి చావుకు లెక్క తేల్చాలనుకునే అలీ షిగ్రీ అనే కుర్ర అధికారి అందులో కథ చెబుతాడు. ఏడిపించాల్సిన చోట నవ్వించే పుస్తకమది. బుకర్ తొలి జాబితాలో చేరింది, కామన్వెల్త్ ఉత్తమ తొలి నవల బహుమతి గెలుచుకుంది.

ఇంగ్లిష్‌లో ఉన్నన్నాళ్లూ పుస్తకం పాకిస్తాన్‌లో బాహాటంగానే అమ్ముడైంది. 2019లో సయ్యద్ కాషిఫ్ రజా అనువాదంతో ఉర్దూలోకి వచ్చాక కథ మారింది. జియా కుమారుడి నుంచి పరువునష్టం నోటీసు వచ్చింది. 2020 జనవరిలో ఐఎస్ఐ వాళ్లమని చెప్పుకున్న కొందరు కరాచీలోని ప్రచురణ సంస్థ ‘మక్తబా-ఎ-దానియాల్’ ఆఫీసుకొచ్చి ప్రతులన్నీ పట్టుకుపోయారని హనీఫ్ చెప్పారు. ఇంగ్లిష్ పుస్తకం బంగళాల్లోని అల్మారాల్లో ఉండిపోతుంది, ఉర్దూ పుస్తకం చాయ్ హోటల్ దాకా వెళ్తుంది మరి.

‘అవర్ లేడీ ఆఫ్ ఆలిస్ భట్టీ’ (2011), ‘రెడ్ బర్డ్స్’ (2018) ఆయన తర్వాతి నవలలు. విలేకరి పని మాత్రం వదల్లేదు. పాకిస్తాన్ మానవ హక్కుల కమిషన్ కోసం 2013లో, కనబడకుండా పోయిన బలూచ్ యువకుల ఇళ్లకు సంబంధించిన కథనాలు రాశారు. వాటిలో కల్పన లేదు, ఎదురుచూసే ఇంటివాళ్ల మాటలే ఉన్నాయి.