కార్ఖానా పాఠకుడును తెరమీది తెలుగు పుస్తకమును

జూబిలీ బస్‌స్టేషను దాటి తిరుమలగిరికి పోవు రాజీవ్ రహదారి కిరుప్రక్కల వ్యాపించియున్న కార్ఖానా, 1806లో మూడవ నిజామగు సికందర్ జా పేర వెలసి, జనుల నోట నేటికిని లష్కరుగానే నిలిచిన సికింద్రాబాదులోని కంటోన్మెంటు ప్రాంతము. ఆంగ్ల సైన్యమును, దాని ననుసరించి వచ్చిన నానాభాషల వారును కలసి నివసించిన యీ తావున, రాజభాషయు విద్యాభాషయు ఉర్దూయై యుండిన నిజాము రాష్ట్రమున, తెలుగు పుస్తకము దానంతట అది దొరకెడి వస్తువు కాదు. ఎవరో యొకరు పూనుకొని తెచ్చి యీయవలసినదే. ఇక్కడి తెలుగు పఠనచరిత్ర యంతయు అట్లు తెచ్చి యిచ్చినవారి చరిత్రయే యని నా యభిప్రాయము.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితము కాగా, 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము వెలసెను. మరుసటి యేట కొమర్రాజు లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి హైదరాబాదున నారంభించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి, చరిత్రమును శాస్త్రములను తెలుగున చదువగోరువారికి ఆశ్రయమై, 1908లో మద్రాసునకు తరలిపోయెను. పిమ్మట ముప్పదియేండ్లకు లష్కరున ఆ భారమును భుజముల కెత్తుకొన్నవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. హోటలు సర్వరుగను, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దువానిగను బ్రదికిన యీయన 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చయిన పుస్తకములను తానే మోసికొని ఊరూర దిరిగి యమ్మెను. రచయితయు, ప్రకాశకుడును, విక్రేతయు ఒక్కడే యగుట అరుదు. అందు ‘ప్రజల మనిషి’ వంటి నవలను వ్రాసినవాడే మూట మోయుట మరింత యరుదు.

తరువాతి తరమున ఆ పని అద్దె పుస్తకాల దుకాణముల పాలయ్యెను. యద్దనపూడి, యండమూరి, మల్లాది నవలలు అట్టలూడి, మరల బైండు చేయబడి, చేతులు మారి మారి నలిగెడివి. పండితులు వానిని చిన్నచూపు చూచిరిగాని, మధ్యతరగతి యిండ్లలో పఠనాభ్యాసమును నిలిపినవి అవియే. టెలివిజను ప్రాబల్యముతో అవియు మూతపడెను.

ఈ శతాబ్ది తొలి దశకమున పుస్తకము మరియొక దారిన వచ్చెను. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగ్ పురస్కారమందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకములను స్కాను చేయింప సంకల్పించగా, ఆ యుద్యమమున వెలసిన భారత డిజిటల్ గ్రంథాలయమునకు హైదరాబాదు ట్రిపుల్ ఐటీ యొక ముఖ్యకేంద్రమయ్యెను. గ్రంథాలయముల బీరువాలలో నిద్రించుచున్న వేలాది తెలుగు పుస్తకములు పుట పుటగా ఛాయాచిత్రములై వెలుగు చూచెను. ఆ పని యందు తొందరపాటు కలదు: కొన్నిట పుటలు లోపించెను, కొన్నిట స్కాను చేసినవాని వ్రేలు గూడ అచ్చుపడెను, పేర్లను ఆంగ్లలిపిలో నెట్లు తోచిన నట్లు వ్రాయుటచే, కావలసిన పుస్తకమును వెదకువాడు తప్పు స్పెల్లింగులను ఊహింప నేర్వవలసివచ్చెను! అయినను, ఏ మారుమూల గ్రంథాలయపు ముద్రయో మొదటి పుటపై నుండగా, తాత కాలము నాటి పుస్తకమును కార్ఖానాలోని పింఛనుదారు నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్ నుండి ఉచితముగ దింపుకొని చదువగలుగుచున్నాడు. ఇది సామాన్యమైన మేలు కాదు.

కాని, చదువుట యెట్లు? 2007లో అమెజాను వారి పుస్తకపఠన పరికరమగు కిండిల్ వెలువడినపుడు ప్రపంచము మెచ్చిన గుణములు రెండు: కంటికి శ్రమ కలిగింపని ఎలక్ట్రానిక్ సిరాయు, పాఠకుడు కోరినంత పెద్దవగు అక్షరములును. అక్షరము పెద్దదైనకొలది పంక్తి తనంత తాను విరిగి క్రిందికి సర్దుకొనును. ఛాయాచిత్రమున కా నేర్పు లేదు. చిన్న తెరపై దానిని పెంచినచో పుట పెరిగి తెర దాటిపోవును; పంక్తి మొదట నుండి కొసకు, కొస నుండి మరల మొదటికి వ్రేలితో జరుపుకొనుచు చదువుటలో వాక్యము తెగి, భావము చెదరును. మాట వెదకుటకు వీలులేదు. తెరమీది అక్షరములను చదివి వినిపించు యంత్రముపై ఆధారపడు అంధపాఠకునకు అది వట్టి బొమ్మ. 1991లోనే కంప్యూటరు లిపుల ప్రమాణమగు యూనికోడున తెలుగు లిపికి స్థానము కలిగినను, మన డీటీపీ కేంద్రములు చిరకాలము యూనికోడునకు చెందని అనూ ఫాంట్లనే పట్టుకొని యుండుటచే, క్రొత్త పుస్తకముల ఫైళ్లు సైతము మార్పిడి చేయనిదే అక్కరకు రావయ్యెను. 2016 డిసెంబరులో అమెజాను సంస్థ కిండిలున హిందీ, తమిళ, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకములను ప్రవేశపెట్టినపుడు ఆ యైదింటిలో తెలుగు లేదు. అంతకు ముందే, 2010లో, హైదరాబాదున వెలసిన కినిగె యను సంస్థ తెలుగు ఈ-పుస్తకములను అమ్ముటయే గాక అద్దెకును ఇచ్చి, మూతపడిన దుకాణముల ధర్మమును కొంత నిలిపెను.

పోయినదియు లేకపోలేదు. ఆదివారము ఆబిడ్స్ కాలిబాటపై పాతపుస్తకములను బేరమాడి కొనెడి పాఠకునకు, ఈ-పుస్తకమున పాతది యనునదే లేదు. కొన్నదానిని చదివి పొరుగువాని చేతికిచ్చుటకు కంపెనీల నిబంధనలు తరచుగ అడ్డుపడును. దీనిని నేను చిన్న నష్టముగ నెంచను.

అయినను, ఇప్పటి ముఖ్యమైన కొరత పుస్తకములు లేకపోవుట కాదు, బొమ్మలుగానున్న పుటలు అక్షరములు గాకపోవుట. యంత్రము బొమ్మను చదివి అక్షరములుగ మార్చునుగాని, పాత అచ్చులోని వత్తుల యొద్ద, అరసున్నల యొద్ద నేటికిని తడబడును. దిద్దుటకు మనుష్యుడు కావలయును. తెలుగు వికీసోర్సున ఒక ప్రక్క పాతపుట బొమ్మయు, ఒక ప్రక్క దాని పాఠమును ఉంచి, ఎవరైనను దిద్దుటకు వీలు కల్పించియున్నారు. దిద్దిన పుట పసుపుపచ్చగను, మరియొకరు సరిచూచిన పుట ఆకుపచ్చగను మారును. ఆళ్వారుస్వామి ప్రూఫులు దిద్దిన నగరమున నివసించు చదువరులారా, తీరిక దొరకిన దినమున ఒక్క పుటయైనను దిద్దుడు.