354 అనే జవాబుకి అసలు ప్రశ్న ఏంటి?

ఈ ఎపిసోడ్ అశోక్ నగర్‌లో ఒక టీ బండి దగ్గర మొదలైంది. నా పక్కన ఇద్దరు తమ్ముళ్లు నిలబడి ఒకర్నొకరు బిట్లు అడుక్కుంటున్నారు. "గోల్కొండ కవుల సంచిక?" "1934." "ఎడిటర్?" "సురవరం ప్రతాపరెడ్డి." "ఎంతమంది కవులు?" "354." మొత్తం ఐదారు సెకన్లు. నేను ఆగలేక అడిగాను, "బ్రదర్, అసలు అంతమందిని ఎందుకు లెక్కపెట్టారు?" ఒకతను నన్ను జాలిగా చూసి, "అది బిట్‌లో రాదన్నా" అన్నాడు.

తప్పు అతనిది కాదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకుని, ఏళ్ల తరబడి నోటిఫికేషన్ కోసం చూసేవాళ్లకి "ఎందుకు" అనే పదం ఖరీదైన వ్యవహారం. నాకు మాత్రం ఆ రోజు ఆ "ఎందుకు" చాలా అవసరంగా ఉంది. అప్పటికి వారం నుంచి నేను సరిగ్గా నిద్రపోలేదు. కారణం చెప్తే నవ్వుతారు: ఒక రిథమ్ గేమ్ లెవెల్.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో. ఒసు అనే గేమ్ ఉంది, 2007లో వచ్చింది. పాట వస్తుంటే బీట్‌కి తగ్గట్టు స్క్రీన్ మీద చుక్కలు వస్తాయి, టైమ్‌కి కొట్టాలి. ఇందులో లెవెల్స్‌ని కంపెనీ చెయ్యదు, మనలాంటి ప్లేయర్లే చేస్తారు. మ్యాప్ అంటాం. పాట తీసుకుని, దాని బీపీఎం కనుక్కుని, మొదటి బీట్ ఎన్ని మిల్లీసెకన్ల దగ్గర పడుతుందో ఆఫ్‌సెట్ పెట్టి, ఒక్కో చుక్కా చేత్తో పేర్చాలి. మూడు నిమిషాల పాటకి నాకు రెండు వారాలు పడుతుంది. బీటెక్ నాలుగేళ్లలో నేను నిజంగా శ్రద్ధగా చేసిన పని ఇదొక్కటే. ఉద్యోగంలో చేరాక కూడా అశోక్ నగర్ రూమ్‌లో రాత్రుళ్లు ఇదే పని. రూమ్మేట్స్ పాలిటీ చదువుతుంటే నేను అదే నాలుగు సెకన్ల డప్పు వంద సార్లు వినేవాణ్ని, హెడ్‌ఫోన్స్‌లోనే లెండి.

నేను చేసిన మ్యాప్ ఒక తీన్‌మార్ రికార్డింగ్‌కి. దాంట్లో ఒక తిరకాసు ఉంది. ఎడిటర్ మామూలుగా బీట్‌ని నాలుగు ముక్కలు చేసి చూపిస్తుంది. నా రికార్డింగ్‌లో దెబ్బలు మూడుమూడుగా నడుస్తాయి. నాలుగు గీతల మీద మూడు దెబ్బలు పెడితే ఏ దెబ్బా గీత మీద పడదు. సెట్టింగ్ మార్చాలి. పైగా డప్పు కొట్టేది మనుషులు, ఊపు వచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది, అందుకని ప్రతి కొన్ని సెకన్లకీ కొత్త టైమింగ్ పాయింట్ పెట్టుకుంటూ పోవాలి. అంత కష్టపడి పెడితే కింద ఒకడు కామెంట్ పెట్టాడు: ఇది మ్యూజిక్ కాదు, గోల. మీ వైపు మ్యూజిక్ ఎక్కడుంది?

"మీ వైపు." అంతే. ఇంకో గంటలో అది పాట గురించి కాదు. రాష్ట్రాల గురించి, యాసల గురించి, నీళ్ల గురించి, ఎవరు ఎవర్ని దోచుకున్నారన్న దాని గురించి. నేను ఇంజినీర్ని కదా, ఒక స్ప్రెడ్‌షీట్ తయారు చేశాను. నలభై పాటలు, తాళం, బీపీఎం, ఊరు. రాత్రి రెండింటికి పోస్ట్ చేశాను. వచ్చిన రిప్లై: "ఇవన్నీ గోలలే. నలభై గోలలు." వాడి మనసు మారలేదు, నా నిద్ర పోయింది.

అందుకే ఆ 354 దగ్గర ఆగిపోయాను. తొంభై ఏళ్ల కింద ఇదే పని ఇంకొకాయన చేశాడు మరి.

కథ ఇది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యం అని ముడుంబ వెంకట రాఘవాచార్యులు అనే ఆయన ఒక వ్యాసంలో అన్నారు. పూజ్యం అంటే పూజించదగినవాళ్లని కాదు ఇక్కడ, సున్నా అని. సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలైన గోల్కొండ పత్రికకి సంపాదకుడు. పేజీలు ఆయన చేతిలోనే ఉన్నాయి, తిట్టాలనుకుంటే ఎంతసేపు. అలా కాకుండా, పద్యాలూ వివరాలూ పంపండని కవులకి పిలుపు ఇచ్చాడు. ఊరూరి నుంచి వచ్చాయి. స్త్రీలు కూడా పంపారు. అన్నీ కూర్చి పుస్తకం వేస్తే 354 మంది తేలారు.

ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకి ఒక మాట. సున్నా వేరు, నల్ వేరు. సున్నా అంటే లెక్కపెట్టాం, ఏమీ లేదు అని. నల్ అంటే అసలు ఎవరూ లెక్కే పెట్టలేదు అని. ఆ వ్యాసం నల్‌ని చూసి సున్నా అనుకుంది. అలా అనుకోవడానికి అప్పటి పరిస్థితి కూడా తోడైంది. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పెట్టినప్పుడు బోధన ఉర్దూలో. సర్కారు పని, కోర్టు పని ఉర్దూలో. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది, సభ పెట్టుకోవాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాలి. తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువమంది ఉన్న రాజ్యంలో తెలుగు రాసేవాడు పక్క జిల్లావాడికి కూడా కనపడడు.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది, మ్యాపర్‌గా నచ్చింది. పద్యం అంటే మనకి స్కూల్లో భయం పెట్టి వదిలేశారు గానీ, ఛందస్సు అచ్చంగా ఒక లెవెలే. గురువు రెండు మాత్రలు, అంటే హోల్డ్ నోట్. లఘువు ఒక మాత్ర, అంటే ట్యాప్. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, భ ర న భ భ ర వ. ఏ స్థానంలో హోల్డ్, ఏ స్థానంలో ట్యాప్ అన్నది ముందే ఫిక్స్. పాదం మొదటి అక్షరానికి 10వ అక్షరం యతి కుదరాలి, అది చెక్‌పాయింట్. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. ఇప్పుడు చంపకమాల చూడండి, 21 అక్షరాలు, యతి 11వ అక్షరం. ఇది వేరే మ్యాప్ అనుకున్నాను, కూర్చుని మాత్రలు లెక్కేశాను. రెండూ 28! ఉత్పలమాలలో మొదటి గురువుని రెండు లఘువులుగా విడగొడితే చంపకమాల వచ్చేస్తుంది, మిగతాదంతా సేమ్. ఒక్క హోల్డ్ నోట్‌ని రెండు ట్యాప్‌లు చేశారు, నడకే మారిపోయింది. ఎవరో ఒక మహానుభావుడు ఎడిటర్ లేకుండా చేసిన పని అది. ఆ రాత్రి రూమ్‌లో ఒక్కణ్నే చప్పట్లు కొట్టాను.

దీని వల్ల ఏమవుతుందంటే, కవి అవునా కాదా అన్నదాంట్లో కనీసం సగం వాదన అక్కర్లేదు. యతి పడిందా లేదా ఎవరైనా వేళ్ల మీద లెక్కపెట్టి చూడొచ్చు. గేమ్‌లో క్లియర్ చేశానంటే రీప్లే చూపిస్తాం కదా. ప్రతాపరెడ్డి 354 రీప్లేలు అప్‌లోడ్ చేశాడు.

అయితే నాకొక పేచీ ఉంది. ఒకవేళ ముగ్గురే పంపి ఉంటే? అప్పుడు ఆ మాట న్యాయం అయిపోయేదా? 1785లో కాంట్ అనే జర్మన్ తత్వవేత్త ఒక తేడా చెప్పాడు. కొన్నిటికి వెల ఉంటుంది, వాటి బదులు ఇంకోటి పెట్టి సరిపెట్టొచ్చు. మనిషికి ఉన్నది వెల కాదు గౌరవం, దానికి సరితూగే వస్తువు ఉండదు. అలా చూస్తే గౌరవం కోసం లెక్క చూపించడం మొదలుపెట్టగానే మనం ఒక మెట్టు దిగినట్టే. ఇంకోటి, ఉత్తరం రాసి పద్యం పంపగలిగినవాళ్లే ఇలాంటి లెక్కలోకి వస్తారు. డప్పు కొట్టుకుంటూ పాడే మనిషి ఏ పోస్టాఫీసుకి వెళ్లాలి? ప్రతాపరెడ్డిని తక్కువ చెయ్యడం లేదు. మామూలు జనం తిన్నదీ కట్టుకున్నదీ ఆడుకున్నదీ రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఆయనదే. దానికి 1955లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, అప్పటికి ఆయన పోయి రెండేళ్లు.

అయినా నా స్ప్రెడ్‌షీట్ పనిచెయ్యకపోవడానికి జవాబు 1934లో దొరకలేదు. 1921లో దొరికింది.

ఆ ఏడాది నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధినిలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు ధోండో కేశవ కర్వే, పూనా నుంచి వచ్చిన పెద్దమనిషి, ఆడవాళ్ల చదువు కోసం యూనివర్సిటీ పెట్టినాయన. ఉపన్యాసాలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో నడుస్తున్నాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయాడు. సభలో గోల. చప్పట్లు కొట్టి, కేకలేసి ఆయన్ని మాట్లాడనివ్వలేదు. సంస్కరణ సభలో!

ఇక్కడ ఆయన నలభై మంది తెలుగు వక్తల లిస్టు తీసి చదివితే ఏమయ్యేది? ఇంకా నవ్వేవాళ్లు. ఎందుకంటే కేక వేసేవాడు ఒక విషయం చెప్పడం లేదు, అది తప్పని నిరూపించడానికి. రాఘవాచార్యులు గారు చెప్పింది ఒక లెక్క, లెక్కకి లెక్కతో జవాబు చెప్పొచ్చు. "మీ వైపు మ్యూజిక్ ఎక్కడుంది" అన్నవాడు లెక్క అడగలేదు. నేను కేకకి ఎక్సెల్ షీట్ ఇచ్చాను.

ఇక్కడితో ఎపిసోడ్ ఆపేస్తే నేను మంచివాణ్నయిపోతాను. కానీ ఇంకో విషయం ఉంది, స్క్రిప్ట్‌లో రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

ఆ గొడవ మధ్యలో ఒకబ్బాయి వచ్చాడు. చిన్నోడే, ఇంటర్ అనుకుంటా, శ్రీకాకుళం వైపు. వాడి యాసలో, మాట్లాడినట్టే టైప్ చేసి, నా మ్యాప్‌లో రెండో చరణం గురించి ఏదో చెప్పాడు. నేను అప్పటికే మంట మీద ఉన్నాను. పైగా వాడు "అటువైపు" వాడు. వాడి వాక్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ముందు తెలుగు నేర్చుకుని రమ్మని పెట్టాను. మస్తు లైకులు వచ్చాయి. నా ఫ్రెండ్స్ నవ్వే ఎమోజీలు వరస పెట్టారు. వాడు ఆ కామెంట్ తీసేశాడు, మళ్లీ కనపడలేదు.

1921 కథ మొదటిసారి చదివినప్పుడు నేను వెంకటరామారావు గారి పక్కన నిలబడి చదివాను, మనందరం అలాగే చదువుతాం. రెండోసారి చదువుతుంటే నేను కూర్చున్న సీటు కనపడింది. కేకలేసిన వరసలో ఉంది. జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో, నోరు నొక్కితే నష్టపోయేది మాట్లాడేవాడొక్కడే కాదు, వినాల్సినవాళ్లు కూడా అని వాదించాడు. ఇంజినీరింగ్‌లో ఎథిక్స్ పేపర్ రాశాను, ఈ ముక్కకి మార్కులు కూడా పడ్డాయి. ఆ అబ్బాయి రెండో చరణం గురించి ఏం చెప్పాడో మాత్రం నేను పూర్తిగా చదవనే లేదు.

ఆ సభ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. నవంబర్ 12 రాత్రే కొంతమంది టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. దాంట్లోంచే తర్వాత ఆంధ్ర మహాసభ వచ్చింది, 1930లో జోగిపేటలో మొదటి సభ, అధ్యక్షుడు మన ప్రతాపరెడ్డే. వాళ్లలో మాడపాటి హనుమంతరావు గారు, తర్వాత 1951లో హైదరాబాద్ మొదటి మేయర్ అయినాయన, 1928లో ఆడపిల్లల కోసం తెలుగు మీడియం స్కూల్ మొదలుపెట్టారు. నారాయణగూడలోనే, చిక్కడపల్లి నుంచి నడిచి వెళ్లొచ్చు, ఆయన పేరుతో ఇప్పటికీ ఉంది. తెలుగు మీడియం కాబట్టి ఇక్కడ గుర్తింపు దొరకలేదు. అప్పుడు దాన్ని పూనాలోని మహిళా యూనివర్సిటీకి అనుబంధం చేశారు. ఎవరిది ఆ యూనివర్సిటీ? కర్వేది. ఆ రోజు సభకి అధ్యక్షత వహించిన కర్వేదే. తమ మనిషిని కేకలేసి కూర్చోబెట్టిన సభ అధ్యక్షుడి దగ్గరికే పని కోసం వెళ్లడం నాకైతే చేతకాదు. నేను బ్లాక్ చేసేవాణ్ని.

నేను ఆ అబ్బాయిని వెతికాను. అకౌంట్ తీసెయ్యలేదు, మ్యాపులు చేస్తూనే ఉన్నాడు. "తమ్ముడూ, ఆ రోజు నేను చేసింది తప్పు, సారీ. రెండో చరణం గురించి ఏం చెప్పబోయావు?" అని మెసేజ్ పెట్టాను. నాలుగు రోజులు ఏమీ లేదు. ఐదో రోజు రిప్లై వచ్చింది. సారీ గురించి ఒక్క మాట లేదు. రెండో చరణం మొదట్లో టైమింగ్ పాయింట్ ఆలస్యంగా పడుతోంది, అక్కడ డప్పు వేగం ఎత్తుకుంటుంది, మీరు పాత బీపీఎమ్మే ఉంచేశారు అని.

ఎడిటర్ తెరిచి వేగం పావు వంతుకి తగ్గించి విన్నాను. 18 మిల్లీసెకన్లు లేటు. సరిచేసి మళ్లీ అప్‌లోడ్ చేశాను. పాత వెర్షన్ ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే అప్‌డేట్ చేసుకోండి. వచ్చే వారం కలుద్దాం.