ఉక్కుకడ్డీ తూకము - 162 పుట్టుపూర్వోత్తరములు

మన గ్రంథాలయమునకు స్లాబు వేయించిన నాడు ఉక్కుకడ్డీల లెక్క చూచు పని నాపై బడినది. అంగడివారు కడ్డీలను తూచి కాక, లెక్కించి యిచ్చిరి. పండ్రెండు మీటర్ల పొడవు, 12 మిల్లీమీటర్ల లావు గల కడ్డీ యొక్కటి 10 కిలోల 670 గ్రాములు తూగవలెను. మేము పది కడ్డీలను తూపించగా 98 కిలోలే తేలెను. "లావులో అరమిల్లీమీటరు తగ్గిన నేమగును?" అని అంగడివారి ప్రశ్న.

లావును లావుచే గుణించి 162చే భాగించిన మీటరు కడ్డీ బరువు కిలోలలో వచ్చునని మేస్త్రీ లందరకును నోటికి వచ్చును. ఈ 162 ఎక్కడినుండి వచ్చినదో విచారించుట లెక్కలవాడనగు నాకు వేడుక.

ఇందు మొదటి పాలు వృత్తగణితమునది. 20,000 వ్యాసము గల వృత్తమునకు 62,832 పరిధి యని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే చెప్పెను. 1150లో లీలావతిని రచించిన భాస్కరుడు సూక్ష్మమునకు 3927/1250, స్థూలమునకు 22/7 గ్రహించెను. తెనుగున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పద్యములలోనికి దెచ్చెను. లావు వర్గమును 0.7854చే గుణించిన కడ్డీకోత వైశాల్యము వచ్చును.

రెండవ పాలు ఉక్కు సాంద్రతది. ఘనపు మీటరు ఉక్కు 7850 కిలోలు. కావున చదరపు మిల్లీమీటరు కోత గల మీటరు తీగె 7.85 గ్రాములు. వృత్తమునకు 0.785, ఉక్కునకు 7.85! ఈ పోలిక కేవలము కాకతాళీయము. అయినను నే నెన్నిమారులు చూచినను నవ్వు వచ్చును. రెంటిని గుణించిన 6.165 గ్రాములు, కిలోను దానిచే భాగించిన 162.

అంగుళముల కాలమున అంకె వేరు. లావును అంగుళపు ఎనిమిదవ పాళ్లలో లెక్కించి, వర్గించి, 24చే భాగించిన అడుగు కడ్డీ బరువు పౌనులలో వచ్చును. 1956 నాటి తూనికలు కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతి రాగా 162 మనకు దక్కినది.

కాంక్రీటు పట్టు తప్పకుండుటకై రాన్సమ్ అను నాతడు చదరపు కడ్డీని మెలిపెట్టి 1884లో అమెరికాలో పేటెంటు పొందెను. నేటి కడ్డీలకు మెలికకు మారు గట్లున్నవి. గట్టుపై కొలిచిన నొకలావు, సందున కొలిచిన నొకలావు! అందుచేత భారతీయ ప్రమాణము 1786 తూకము నుండియే కోత వైశాల్యమును తేల్చుమన్నది. లావు చెప్పవలసినది త్రాసే.

మా కడ్డీ మీటరునకు 0.8167 కిలో. 162చే గుణించిన 132.3; వర్గమూలము 11.5. లావులో లోటు నూటికి నాలుగే. వర్గమగుటచే ఉక్కులో లోటు ఎనిమిది. బలమును ఆ మేరకే తగ్గును. ఈ లావునకు ప్రమాణము ఓర్చునది నూటికి అయిదు మాత్రమే.

ఈ లెక్కను కాగితముపై వ్రాసి చూపితిమి. అంగడివారు మారుపలుకక బండి త్రిప్పించుకొనిరి. స్లాబు పదునైదు దినములు వెనుకబడినది. ఆ యాలస్యమునకు నన్ను నిందించినవారు నేడు దాని క్రిందనే కూర్చుండి పత్రిక చదువుచున్నారు.