బాణపు గరి (తూర్పు కనుమలు): అంటింపు, కట్టు, ప్రత్యామ్నాయాల చరిత్ర

బాణపు కాడ వెనక భాగాన, అల్లెతాడు కూర్చునే గాడికి కాస్త ముందు అమర్చే ఈకల వరుసను గరి అంటారు. పింజ అని కూడా అంటారు. బాణం గాలిలో పక్కకు తిరిగిపోకుండా, ములికి (బాణపు మొన) ముందుండి సాగేలా చూడడం దీని పని. ఈకను కాడకు జిగురుతో అంటించడం బాగా తెలిసిన పద్ధతే గానీ అదొక్కటే కాదు. నారతోనో దారంతోనో కట్టడం, కాడను చీల్చి ఆకు దూర్చడం, గరి లేకుండానే బాణం చేయడం, ఈ కాలంలో ప్లాస్టిక్ రెక్కలు, టేపులు వాడడం కూడా గరి చరిత్రలో భాగాలే. వీటిలో కట్టు పద్ధతి చాలా పాతది. వానలు, తేమ ఎక్కువగా ఉండే మారేడుమిల్లి వంటి కొండ ప్రాంతానికి సరిపడేదీ అదే.

ప్రాంతం, ప్రజలు

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతూరు మీదుగా భద్రాచలం వెళ్లే ఘాట్ రోడ్డు మీద మారేడుమిల్లి ఉంది. చుట్టుపక్కల కొండల్లో కొండరెడ్లు, కోయలు, కొండ కమ్మర్లు, వాల్మీకులు నివసిస్తారు. కొండరెడ్ల మాతృభాష తెలుగు. ప్రభుత్వం వారిని ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో చేర్చింది. పోడు సేద్యం, జీలుగు కల్లు, తేనె, దుంపలు, అడవి సరుకు, వేట కలిసి వారి జీవనాధారంగా ఉండేవి. మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో ప్రచురించిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల జీవితం మీద వచ్చిన ముఖ్యమైన గ్రంథం. అంతకు రెండేళ్ల ముందు ఆయన నల్లమల చెంచుల మీద మరో గ్రంథం వెలువరించారు.

ఇనుప ములుకులు కమ్మరి కొలిమిలో తయారయ్యేవి. విల్లు, కాడ, గరి మాత్రం వేటగాడి చేతిపని. ములికిని డబ్బుకో ధాన్యానికో తెచ్చుకోవచ్చు. గరి కట్టడం ఎవరికి వారు నేర్చుకోవలసిన విద్య.

గరి పని చేసే తీరు

బాణం బరువు ములికి వైపు ఎక్కువగా, గాలి నిరోధం తోక వైపు ఎక్కువగా ఉంటే బాణం నిలకడగా సాగుతుంది. కాడ కాస్త పక్కకు తిరిగితే ఈకల మీద గాలి ఒత్తిడి పడి తోకను మళ్లీ దారిలోకి తెస్తుంది. పక్షి రెక్క ఈకకు సహజంగానే కొంత వంపు ఉంటుంది. అందుకే ఒక బాణానికి వాడే ఈకలన్నీ ఒకే వైపు రెక్కవై ఉండాలి. అప్పుడు బాణం తన చుట్టూ తాను తిరుగుతూ మరింత నిలకడగా పోతుంది. ఎడమ రెక్క ఈకను కుడి రెక్క ఈకతో కలిపితే ఒకదాని పనిని మరొకటి చెడగొడుతుంది.

పక్షి ఈకకు మరో గొప్ప గుణం ఉంది. వెదురు విల్లుకు బాణాన్ని ఆనించే ప్రత్యేకమైన మెట్టు ఉండదు. బాణం విల్లు పట్టిన పిడికిలి మీదుగా జారిపోతుంది. ఆ క్షణంలో ఈక విల్లుకు తగిలి అణిగి, దాటగానే మళ్లీ లేస్తుంది. ఈక స్థానంలో ఏది వాడాలన్నా నెగ్గాల్సిన మొదటి పరీక్ష ఇదే.

ప్రాచీన ఆధారాలు

1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన ‘ఓట్జీ’ అనే మనిషి దాదాపు 5,300 ఏళ్ల కిందటివాడు. అతని అమ్ములపొదిలో 14 బాణాలు ఉన్నాయి. వాటిలో పూర్తయినవి రెండే. వాటికి మూడేసి సగం ఈకలను బర్చ్ చెట్టు తారుతో అంటించి, పైన సన్నటి దారం చుట్టారు. 1545లో మునిగిపోయిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన బాణాల మీద కూడా జిగురు, దారం రెండింటి ఆనవాళ్లూ ఉన్నాయి. జిగురు ఈకను కదలకుండా నిలిపితే, దారం అది ఊడిపోకుండా కాపాడింది.

భారతీయ ధనుర్విద్యా సంప్రదాయం కట్టుకే పెద్దపీట వేసింది. 14వ శతాబ్దపు సంస్కృత సంకలనం ‘శార్ఙ్గధరపద్ధతి’లోని ధనుర్వేద భాగం గరికి తగిన పక్షులను పేర్కొంది. కాకి, హంస, క్రౌంచం, నెమలి, రాబందు వాటిలో ఉన్నాయి. ఈకను ఆరు అంగుళాల పొడవున కోయాలని, కొమ్ము విల్లుతో వేసే బాణానికైతే పది అంగుళాలు ఉండాలని చెప్పింది. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు. ఒక్కో బాణానికి నాలుగు ఈకలను నరపు దారాలతో బిగించి కట్టాలన్నది అందులోని విధానం.

కొండల్లో దొరికే జిగురు, నార

జిగురుకు, కట్టుకు కావలసిన సామగ్రి తూర్పు కనుమల అడవిలోనే ఉంది. తపసి చెట్టు నుంచి వచ్చే జిగురు ఈ ప్రాంతపు విలువైన అడవి సరుకు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ (జీసీసీ) దాన్ని గిరిజనుల దగ్గర కొంటుంది. అయితే తపసి జిగురు నీరు తగిలితే పీల్చుకుని ఉబ్బుతుంది. లక్క నీటికి చెదరదు గానీ వేడికి మెత్తబడుతుంది, చలిలో పెళుసుబారి దెబ్బకు పగులుతుంది. తోలు, ఎముకలు ఉడికించి తీసే వజ్రం అనే బంక గట్టిగా అంటుకున్నా తేమకు వదులవుతుంది. వానాకాలమంతా పొగమంచు కమ్ముకునే కొండల్లో జిగురును మాత్రమే నమ్ముకున్న గరి నిలవడం కష్టం.

కట్టుకు ఈ చిక్కు లేదు. అడ్డతీగ నార, జంతువుల నరం, నూలుదారం ఏదైనా పనికొస్తుంది. దారానికి తేనెపట్టు మైనం పట్టిస్తే జారదు, నీరు పట్టదు. కట్టే పద్ధతి ఇలా ఉంటుంది. ఈకను ఈనె పొడవునా నిలువుగా చీలుస్తారు. ఈనెను కాడ మీద చదునుగా కూర్చునేంత పలచగా గీస్తారు. రెండు కొసల్లో పీచు తీసేసి ఈనెను మాత్రం వదిలి, ఆ కొసలను కాడకు చుట్టి బిగిస్తారు. అవసరమైతే మధ్యలో పీచు పాయల సందుల గుండా దారాన్ని మెలికలుగా తీసుకుపోతారు. ములికి వైపున్న కొసను కట్టడంలోనే అసలు నేర్పు ఉంది. అక్కడ ఈనె కొన బయటికి పొడుచుకొస్తే, బాణం వదిలినప్పుడు అది విల్లు పట్టిన చేతిలో దిగుతుంది. అందుకే ఆ కొసను పూర్తిగా దారం కింద దాచి, పైన మైనమో లక్కో పూస్తారు.

కట్టిన గరికి మరో మేలు ఉంది. ఒక ఈక పాడైతే దారం విప్పి, అడవిలోనే, నిప్పు అవసరం లేకుండా కొత్తది కట్టుకోవచ్చు.

గరి లేని బాణాలు, ఆకు బాణాలు

ఈకే లేకుండా బాణం చేసిన సమాజాలూ ఉన్నాయి. అండమాన్ ఆదివాసుల బాణాలకు, పాపువా న్యూగినీలోని అనేక తెగల బాణాలకు గరి ఉండదు. పాపువా బాణాలు పొడవుగా ఉండి, బరువంతా ముందువైపు ఉంటుంది. దగ్గరి నుంచి వేసినప్పుడు ఆ బరువే దారి తప్పకుండా చూస్తుంది. దూరం పెరిగేకొద్దీ గరి లేని లోటు తెలుస్తుంది.

ఆకును ఈకగా వాడే పద్ధతి మన దేశంలోనూ ఉంది. అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో, చైనా సరిహద్దు లీసు తెగల్లో అడ్డవిల్లు బాణం వెనక కొసను చీల్చి, మడిచిన తాటిజాతి ఆకునో వెదురాకునో అందులో దూరుస్తారు. కాంగో అడవుల్లోని మ్బూటీ వేటగాళ్లు కూడా కాడలో గాటు పెట్టి ఆకు జొనుపుతారు. ఇందులో జిగురూ లేదు, దారం పనీ తక్కువే. ఆకు ఎండి చిరిగితే క్షణాల్లో మార్చుకోవచ్చు. దక్షిణ అమెరికా అమెజాన్ అడవుల్లో కొన్ని తెగలు రెండు ఈకలను ముందూ వెనకా మాత్రమే కట్టి మధ్యను వదిలేస్తాయి. మరికొన్ని తెగలు కాడకు చిన్న రంధ్రాలు చేసి ఈకను దారంతో కుట్టేస్తాయి. జీలుగు, వెదురు, అడ్డాకు సమృద్ధిగా ఉన్న మారేడుమిల్లి అడవిలో ఆకు గరికి కావలసిన ముడిసరుకు అందుబాటులోనే ఉంది.

చట్టాలు, తిరుగుబాట్లు, ఈకల కొరత

1878 ఆయుధ చట్టం తుపాకులను లైసెన్సుల కిందికి తెచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవి మీద సర్కారు పట్టు బిగించింది. ఈ రెండింటి మధ్య కాలంలో, 1879లో, కల్లు మీద వేసిన చిగురు పన్ను, ముఠాదారుల (కొండ గ్రామాల పెత్తందారుల) అసంతృప్తి ఈ కొండల్లో రంప తిరుగుబాటుకు దారితీశాయి. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు స్వాధీనం చేసుకున్నారు. అయినా విల్లంబులే ఆ పోరాటానికి చిహ్నంగా నిలిచిపోయాయి.

స్వాతంత్ర్యం తర్వాత వేటకు కాలం చెల్లింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ వేటను దాదాపు పూర్తిగా నిషేధించాయి. 1978లో అభయారణ్యమైన పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనంగా మారాయి. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు అటవీ ఫలసాయం మీద హక్కునిచ్చినా, వేట హక్కును స్పష్టంగా మినహాయించింది.

ఈకల లభ్యత కూడా తగ్గింది. 1963లో జాతీయ పక్షిగా ప్రకటించిన నెమలిని చంపడం తీవ్రమైన నేరం. దానంతటదే రాల్చిన తోక ఈకలకు మాత్రం చట్టంలో మినహాయింపు ఉంది. రాబందుల సంగతి మరింత విషాదకరం. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల 1990ల నుంచి మన దేశంలో మూడు జాతుల రాబందులు 90 శాతానికి పైగా తగ్గిపోయాయి. ఆ మందు పశువైద్య వాడకాన్ని 2006లో నిషేధించారు. ఒకప్పుడు గరికి శ్రేష్ఠమని పేరున్న పక్షి ఇప్పుడు కనిపించడమే అరుదు. ఈ పరిస్థితిలో నాటుకోడి, బాతు, టర్కీ కోడి ఈకలే న్యాయమైన, చట్టబద్ధమైన మార్గం.

ఆధునిక ప్రత్యామ్నాయాలు, క్రీడ

అమెరికాలో జేమ్స్ ఈస్టన్ 1939లో అల్యూమినియం బాణాలు చేయడం మొదలుపెట్టాడు. కాడ లోహంగా, తర్వాత కార్బన్‌గా మారాక గరి కూడా ప్లాస్టిక్‌కు మారింది. ప్లాస్టిక్ రెక్క వానకు తడవదు, పురుగు పట్టదు. కానీ పక్షి ఈకలా అణగదు కాబట్టి మెట్టు లేని వెదురు విల్లుకు తగిలి బాణాన్ని దారి తప్పిస్తుంది. అది మెట్టు ఉన్న ఆధునిక విల్లులకే సరిపోతుంది.

జిగురు అవసరం లేని కొత్త పద్ధతులూ వచ్చాయి. రికర్వ్ (కొసలు ముందుకు వంగిన ఆధునిక విల్లు) విలుకాళ్లు వాడే చుట్టు రెక్కలను రెండు వైపులా అంటుకునే టేపుతో పెట్టి, ముందూ వెనకా మరో టేపు చుడతారు. మైదానంలోనే నిమిషాల్లో మార్చుకోవచ్చు. మరో రకంలో, రెక్కలు ముందే అతికి ఉన్న ప్లాస్టిక్ గొట్టాన్ని కాడకు తొడిగి మరిగే నీళ్లలో ముంచితే అది ముడుచుకుని కాడను పట్టేస్తుంది. వస్తువులు కొత్తవైనా, రెండు కొసలనూ చుట్టి బిగించడమనే సూత్రం పాతదే.

1973లో ఏర్పడిన భారత ఆర్చరీ సంఘం పోటీల్లో వెదురు విల్లుతో ఆడే ‘ఇండియన్ రౌండ్’ విభాగం ఉంది. ఆధునిక విల్లులతో తెలుగువారు ప్రపంచస్థాయికి ఎదిగారు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగంలో మూడు స్వర్ణాలు సాధించింది. ఏజెన్సీ (గిరిజన ప్రాంత) పిల్లలకు ఇండియన్ రౌండ్ సహజమైన తొలి మెట్టు కాగలదు.

నేటి స్థితి, పరిరక్షణ

విత్తనాల ముందు వచ్చే పండుగల్లో విల్లంబులకు ఇప్పటికీ చోటుంది. కోయల భూమి పండుగ, అరకు, పాడేరు వైపు ఇటుకల పండుగ వేటతో ముడిపడినవి. వేట ఆగిపోయినా ఆయుధం ఆచారంగా, ఆటగా నిలవగలదు.

నిలవడం కష్టమైనది గరి. ఇనుప ములికి తుప్పు పట్టినా మిగులుతుంది, వెదురు కాడ దశాబ్దాలు ఉంటుంది. ఈకను మాత్రం పురుగులు కొద్ది ఏళ్లలోనే తినేస్తాయి. గిరిజన మ్యూజియాల్లో బాణాన్ని ప్రదర్శించేటప్పుడు తెగ పేరు, ఊరి పేరుతో ఆగకుండా, ఎన్ని ఈకలు, ఏ పక్షివి, ఏ నారతో ఎన్ని చుట్లు కట్టారు, జిగురు వాడారా లేదా అన్నదీ రాసి ఉంచాలి. ఆ కట్టు తెలిసిన పెద్దలు ఇంకా ఈ గూడేల్లో ఉండగానే, వారు కడుతున్నప్పుడు వీడియో తీయడం, కోడి ఈకలతో పిల్లలకు నేర్పించడం పెద్ద ఖర్చు లేని పనులు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు), గిరిజన పాఠశాలలు పూనుకుంటే ఈ విద్య మరో తరం చేతికి అందుతుంది.